తొడుగు మీద ఎర్ర చెయ్యి

1. సోమవారం

నా పేరు సూరాడ దానయ్య. ఈ ముక్క గోడకి రోజూ చెప్పాలి. గంగాభవాని ఓడలో డెబ్బై దాటిన ప్రతివాడూ రోజుకోసారి గోడ మైకులోకి ఏదో ఒకటి మాట్లాడాలని రూలు. మాట్లాడితే బతికున్నట్టు లెక్క, మర్నాడు వాడి నీళ్ళు వాడికి వస్తాయి. తక్కిన ముసలాళ్ళు మైకు ముందు ఒకసారి దగ్గి వెళ్ళిపోతారు. నేను వెళ్ళను. వినేవాడెవడో వాడి చెవులు చిల్లులు పడేదాకా మాట్లాడతాను. మా యాసలో చెబితే ఈ గోడ దాన్ని బడి తెలుగులోకి మార్చుకుని రాసుకుంటుందట. నేను ఐదో తరగతిలో ఆపేసిన చదువు నా బదులు అది చదివినట్టుంది. ఎదుటివాళ్ళ మాటల్ని మాత్రం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను.

ఈరోజు నాకు ఒళ్ళు మండుతోంది.

మాది ఒకప్పుడు కార్లు మోసిన ఓడ. ఊళ్ళు సముద్రంలో కలిశాక మేం ఎక్కాం. కార్లు నిలబెట్టడానికి గీసిన తెల్ల గీతలు నేల మీద ఇంకా ఉన్నాయి, ఇళ్ళకి అవే సరిహద్దులు. నాదీ మా మనవరాలు నూకరత్నానిదీ రెండు కార్ల ఇల్లు. కమిటీ పెద్ద వరహాలుది ఎనిమిది కార్ల ఇల్లు. ఆయన పొట్ట ఒక్కటే ఒకటిన్నర కారు పడుతుంది కాబట్టి న్యాయమేనని నేను అందరికీ సర్దిచెబుతుంటాను.

రత్నం పని వేడి కెమెరా. యంత్రాల్లో ఉన్న పాత థర్మామీటర్లు ఉప్పుగాలికి ఎప్పుడో చచ్చాయి. అందుకని రత్నం ఆ కెమెరా మెడలో వేసుకుని వారానికోసారి ఓడంతా తిరుగుతుంది. వైర్లు, మోటార్లు, పంపులు, వంటగది పొయ్యిలు, అన్నిటి ముందూ నిలబడి చూస్తుంది. చల్లగా ఉన్నది నీలంగా కనిపిస్తుంది, వేడెక్కింది పచ్చగా, కాలబోయేది ఎర్రగా, ఇంకా మించితే తెల్లగా. పోయిన ఏడు మూడో అంతస్తు గోడలో వైరు మాడుతుంటే వాసన కూడా రాకముందే పట్టుకుంది. ఆ గోడ అవతల పడుకున్నవాళ్ళలో వరహాలు అత్తగారు ఒకరు. ఆవిడని బతికించినందుకు వరహాలుకి రత్నం మీద ఇప్పటికీ కోపమేనని నా అనుమానం.

ఇప్పుడు మేం మంచినీళ్ళ రేవుకి వెళ్తున్నాం. కొండ నుంచి దిగే ఏటి నీళ్ళు పట్టుకునే చోటు అదొక్కటే, ఓడలన్నీ అక్కడ లైను కట్టాలి. రేవు ఇన్‌స్పెక్టరు మొట్టమొదట వేడి పటాలు, అంటే ఆ కెమెరా తీసిన బొమ్మలు, అడుగుతాడు. పటంలో ఎరుపు ఉన్న ఓడ లైను చివరికి పోవాలి. నిప్పంటుకునే ఓడని రేవుకి కట్టనివ్వకూడదని పెట్టిన రూలు. రూలులో తప్పు లేదు.

తప్పంతా మా చీఫు ఇంజినీరు ఫణీంద్రది. ఆయన ఈసారి యంత్రాలన్నిటికీ స్టీలు రేకు తొడుగులు బిగింపించాడు. తొడుగు వేశాక ప్రతి పటమూ నీలమే. అంత మెరుపు రేకు నేను పెళ్ళివారి గిన్నెల్లో కూడా చూడలేదు. ఆయనకి అద్దం గారని పేరు పెట్టి, కాస్త పక్కకి జరిగితే తల దువ్వుకుంటానన్నాను. నవ్వలేదు. తొడుగుల మీద వేలిముద్ర పడినా ఊరుకోనని, యంత్రాల్ని ఎవరూ ముట్టుకోకూడదని బోర్డు పెట్టించాడు.

నా ఒళ్ళు మండింది దానికే. ప్రయాణానికి ముందు మా ఆడవాళ్ళు యంత్రాలకి పసుపు చెయ్యి అద్దుతారు. అరచేతికి తడి పసుపు రాసుకుని ఇనుము మీద గట్టిగా ఆనిస్తే ఐదు వేళ్ళూ పడతాయి. వెనకటికి పడవలకి చేసేవారు, పడవలు పోయాక ఇంజిన్లకి చేస్తున్నారు. చీఫు వాళ్ళని మెట్ల మీదే ఆపాడు. వాళ్ళలో పెద్దది కొర్లమ్మ, నాకు వదిన వరస. ఆవిడ ఆయన్ని పక్కకి జరిపి దిగిపోయింది.

"నువ్వు రేకు తొడిగినావు బాబూ, మేం సెయ్యి అద్దుతాం. ఎవుల పని ఆల్ది" అంది.

ఒక్క యంత్రాన్నీ వదల్లేదు. తిరిగొచ్చాక నాతో ఒక మాట అంది. ఓడని తోసే పంకాని తిప్పే ఇరుసు వెళ్ళే సొరంగంలో చిట్టచివరి బేరింగు జొరం వచ్చిన పిల్ల ఒళ్ళులాగ ఉందట.

2. బుధవారం

రత్నం అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతోంది గానీ నోట్లో పెట్టుకోవడం లేదు. చేపకి ప్రాణం పోయింది, ఇక నువ్వు దాన్ని ఓదార్చక్కర్లేదన్నాను. అయినా తినలేదు. కెమెరా తీసి నా చేతిలో పెట్టింది.

అందులో ఉన్న బొమ్మ చూసి నాకు నోట మాట రాలేదు. నాకలా అవడం పెళ్ళినాడు తప్ప ఇంకెప్పుడూ లేదు. చుట్టూ నీలం. ఆ నీలం మధ్యలో ఎర్రటి చెయ్యి. ఐదు వేళ్ళు, అరచేతి గీతలతో సహా.

సొరంగం చివరి బేరింగు తొడుగు అది. కొర్లమ్మ అద్దిన పసుపు పడిన మేర ఎర్రగా ఉంది, పక్కనున్న రేకంతా నీలమే. మిగతా యంత్రాల మీద కూడా చేతులు కనిపిస్తున్నాయి గానీ అవి లేత పచ్చ. ఎర్రది ఇదొక్కటే.

రత్నం ఆ బొమ్మ చీఫుకి చూపించిందట. ఆయన జేబులోంచి గుడ్డ తీసి పసుపు తుడిచేసి, ఇప్పుడు చూడమన్నాడట. చూస్తే నీలం. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడట. పోనీ తిట్టనైనా తిట్టలేదు, అదేం మనిషో.

సాయంత్రానికి ఓడంతా పాకింది. గంగమ్మ తల్లి చెయ్యి చూపించిందని కొందరు దండాలు పెడుతున్నారు. ఆ పిల్ల కెమెరాతో ఏదో ఆకతాయి పని చేసిందని ఇంకొందరు. ఆకతాయితనం మా ఇంట్లో నా ఒక్కడి సొత్తు, రత్నానికి రాలేదని ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కలేదు.

3. గురువారం

కమిటీ మీటింగు పెట్టారు. వరహాలు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకునేలోపు ఒక మనిషి స్నానం చేసి రావచ్చు.

"పసుపు వేడి వస్తువు. పచ్చి పసుపు ఎక్కువ తింటే ఒంట్లో ఏటవుతాదో మీకు తెల్దేటి. మనిషికి వేడి సేసింది ఇనుముకి సెయ్యదేటి" అన్నాడు.

జనం తలలు ఊపారు. ఆశ్చర్యమేమీ లేదు. ఈ ఓడలో పిల్లలకి ఏది పెట్టాలన్నా అది వేడా చలవా అని ఆలోచించి పెడతారు. ఆవకాయ వేడి, మజ్జిగ చలవ. పసుపు వేడని ఊయల వయసు నుంచీ విన్నవాళ్ళు, బేరింగుకి పసుపే వేడి చేసిందంటే నమ్మేశారు. కొర్లమ్మ కూడా తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. చదువుకున్న చీఫు అది కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. బూట్లు కూడా మెరుస్తున్నాయి.

రత్నం లేచింది. పసుపు పెట్టిన మిగతా యంత్రాలు ఎందుకు ఎర్రబడలేదని అడిగింది. ఆ ప్రశ్నకి వరహాలు మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. సొరంగం చివరి బేరింగు నీలంగా ఉందని పటం మీద సంతకం పెట్టి ఇమ్మన్నాడు.

"నాను సూసింది ఎరుపు. నీలం అని సంతకం ఎట్టను" అంది.

రేవు చేరేలోపు సంతకం పెట్టకపోతే ఆమెని ఉప్పు బార్జిలోకి దింపుతామని కమిటీ తీర్మానించింది.

వినేవాడా, నీకు తెలుసు గానీ మళ్ళీ చెబుతాను. మా ఓడ వెనక తాళ్ళతో లాక్కొచ్చే ఇనుప పళ్ళెమే ఉప్పు బార్జి. దాని మీద సముద్రపు నీళ్ళు ఎండబెట్టి ఉప్పు గీకుతారు. పైన సూర్యుడు, కింద ఉప్పు తెలుపు, మధ్యలో మనిషి కళ్ళు. నా కొడుకు అక్కడ పని చేసి చూపు పోగొట్టుకున్నాడు. చూపు లేక ఒకరోజు అంచు దాటి అడుగేశాడు. రత్నం వాడి కూతురు. నాకు మిగిలింది ఆ పిల్లే, ఆ పిల్లకున్నది ఆ కళ్ళే.

మీటింగు ముగిశాక వరహాలు నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వైనా నచ్చజెప్పు మావా అన్నాడు. ఆ చెయ్యి తీసి ఆయన పొట్ట మీదే పెట్టాను, దానికక్కడే జాగా ఎక్కువని.

4. శుక్రవారం

పొద్దున్నే సొరంగంలోకి నేనే వెళ్ళాను. ముసలాడు ఎక్కడికి పోతే ఎవడడుగుతాడు. నడుం వంచి నడవాలి, పక్కన తాటిమాను లావు ఇరుసు తిరుగుతూ ఉంటుంది. చివరి బేరింగు తొడుగు తుడిచి తళతళలాడించారు. అందులో నా మొహం వరహాలు మొహమంత వెడల్పుగా కనబడింది, అక్కడే సగం భయమేసింది. చెయ్యి ఆనించాను. ఆనించానని తెలిసేలోపే వెనక్కి లాక్కున్నాను. అరచెయ్యి బొబ్బ తేలింది.

నేరుగా వరహాలు ఇంటికి వెళ్ళాను. ఆయన అన్నం తింటున్నాడు. కంచం పక్కన నా అరచెయ్యి పెట్టి, నంజుకోమన్నాను.

"సెయ్యికి డిగ్రీలు తెలుస్తాయేటి మావా. నువ్వు పొయ్యి ముట్టుకునొచ్చి ఇంజినంటే మాకెలగ తెలుస్తాది. కెమెరా నీలం అంతంది గదా" అన్నాడు.

కెమెరా ముందు నీ వీపు ఆనిద్దాం పద, అది ఏం రంగు వస్తుందో చూద్దామన్నాను. ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన మాత్రం పప్పు కలుపుకున్నాడు. మనిషి తోలు కాలిందంటే నమ్మరు, రేకు నీలమంటే నమ్ముతారు. ఇంత తిండి తిని ఇంత గుడ్డితనం ఎక్కడ దాచుకుంటారో అర్థం కాలేదు.

ఇంటికొచ్చి రత్నం మీద అరిచాను. వరహాలు మీద మిగిలిన కోపం కూడా దాని మీదే పోశాను. పెట్టెయ్యవే సంతకం అన్నాను. నీలం అను, పచ్చ అను, వాళ్ళక్కావలసిన రంగు అను, కాలితే కాలనీ వాళ్ళ కొంపలు, నువ్వు బార్జి ఎక్కడానికి వీల్లేదన్నాను. నా కొడుకు కళ్ళ సంగతి ఎత్తాను. ఎత్తకూడదని మా ఇద్దరి మధ్యా ఒప్పందం, అయినా ఎత్తాను.

రత్నం నా చేతి బొబ్బకి వెన్న రాస్తూ విన్నది. రాయడం అయ్యాక అంది.

"సొరంగం పైన ఊయల డెక్కు ఉన్నాది తాతా. సంటిపిల్లలు ఆ ఇంజిను సప్పుడికే నిద్దరోతారని తల్లులందరూ అక్కడే పడుకుంతారు. నిప్పంటుకుంటే ముందు కాలేది ఆలే. నాను సంతకం ఎడితే నా కళ్ళు ఉంతాయి గాని, ఆటితో ఏటి సూడమంతావు."

చేతిలో గిన్నె ఉంటే గోడకి విసిరాను. ఈ గోడకే. సొట్ట గిన్నెకి పడింది.

5. ఆదివారం

వరహాలుకి ఒక ఉపాయం తట్టింది. పసుపు వల్ల ఎక్కిన వేడి తీయాలంటే చలవ వస్తువు పుయ్యాలి. చలవ అంటే గంధం. గుడి గదిలో పూర్వం నుంచి దాచిన గంధం చెక్క ఒకటుంది. ఆడవాళ్ళ చేత దాన్ని పొద్దంతా అరగదీయించారు. కొర్లమ్మ అరగదీస్తూనే ఉంది, వరహాలు వంశాన్ని వెనక్కి ఒక్కొక్క తరం తిడుతూనే ఉంది. లెక్కలో ఆవిడ ఎక్కడా తప్పలేదు.

ఓడ జనమంతా చూడాలని ఆయన పట్టుబట్టాడు. పై డెక్కులో వార్తలు వేసే పెద్ద తెర ఉంది, దానికి రత్నం కెమెరా తగిలించారు. వరహాలు సొరంగంలోకి దిగాడు, వెంట చీఫు, కెమెరా పట్టుకుని రత్నం. మేమందరం పైన తెర ముందు కూర్చున్నాం. సొరంగంలో తెర లేదు, కెమెరా ఆయన వీపు వెనక ఉంది కాబట్టి మేం చూసేది వరహాలు చూడలేడు. అక్కడి మైకులో ఆయన మాట మాత్రం మాకు వినిపిస్తోంది.

మొదట తెర మీద తొడుగంతా నీలం. శంఖం ఊదారు. నా బొబ్బ గుర్తుందేమో, వరహాలు చెయ్యి పెట్టలేదు, పొడుగు కర్ర కుంచె గిన్నెలో ముంచి గంధం పూయడం మొదలుపెట్టాడు. పైనుంచి కిందకి ఒక పూత పూశాడు. ఆ కుంచె వెళ్ళిన దారంతా ఎర్రబడింది.

ఇంకో పూత, ఇంకో ఎర్ర దారి.

డెక్కు మీద ఎవరూ కదల్లేదు. ఆయన మాత్రం హుషారుగా పూస్తున్నాడు. పక్కలకి పూశాడు, చుట్టూ పూశాడు, గిన్నె అడుగున ఉన్నది కూడా తీసి నడిమధ్య దట్టంగా పట్టించాడు. పక్కలు ఎర్రబడ్డాయి. మధ్యభాగం ఎరుపు దాటి తెల్లగా వెలిగింది. ఇక్కడ తల్లులు ఊయల డెక్కు వైపు లేచి పరిగెడుతున్నారు. మైకులో వరహాలు గొంతు వస్తోంది.

"సల్లబడిందేటి? సెప్పండర్రా, సల్లబడిందేటి?"

నా జీవితంలో ఇంతకన్నా నవ్వాల్సిన సంగతి చూడలేదు. నవ్వు మాత్రం రాలేదు. పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. కొర్లమ్మ వెళ్ళి పై మైకు లాక్కుంది.

"నీ ముందు ఉన్నది సితిమంట వరహాలూ. గంధం పూసినా ఎరుపే. తొడుగు కింద మండతన్నాది" అంది.

కింద గుసగుసలు. తుడిచెయ్యమంటున్నాడు వరహాలు, గుడ్డ తెమ్మంటున్నాడు. రేపే మన వంతు, రేవుకి చేరాక చూసుకుందామంటున్నాడు. అప్పుడు మొదటిసారి చీఫు గొంతు విన్నాం, ఇంజిను ఆపాలండీ అని. పిల్లి నీళ్ళడిగినట్టు అడిగాడు. వరహాలు వద్దన్నాడు.

తెర మీద బొమ్మ గిర్రున తిరిగింది. సొరంగం గోడ కనబడింది, గోడ మీద నీలంగా ఇంజిను ఆపే పిడి. దాన్ని కమిటీ పెద్ద మాట లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు. లేత పచ్చ చెయ్యి ఒకటి వచ్చి దాన్ని పట్టుకుంది. చిన్న చెయ్యి, చూపుడువేలు కాస్త వంకర. రత్నం చెయ్యి నాకు తెలియదా.

కిందకి లాగింది.

ఓడ నిశ్శబ్దమైపోయింది. ఇంజిను చప్పుడు ఆగడం అక్కడి చంటిపిల్లలు పుట్టాక ఎన్నడూ ఎరుగరు. ఊయల డెక్కు మొత్తం ఒక్కసారిగా ఏడుపు లంకించుకుంది.

6. మంగళవారం

తొడుగు విప్పి, బేరింగు మూత తీశారు. లోపల ఇరుసు కింద మెత్తలాగ ఉండాల్సిన తెల్ల లోహం కరిగి, మూకుడులో అడుగంటిన పాకంలాగ గడ్డకట్టింది. నూనె తారైపోయింది. ఇంకొక పూట తిరిగుంటే ఆ నూనె అంటుకునేదని చీఫే చెప్పాడు.

ఆయన అక్కడే నేల మీద కూర్చుని గీకుతున్నాడు. మనిషి మెరుపంతా పోయింది, మోచేతుల దాకా మసి. నేను ఎదురుగా చతికిలబడి, పసుపు వేడి చేస్తుందా బాబూ అని అడిగాను.

"చెయ్యదు తాతా. మెరిసే రేకు తన వేడి కెమెరాకి చూపించదు, ఎదుట ఉన్నవాటినే చూపిస్తుంది. దాని మీద ఏం పూసినా, పసుపైనా గంధమైనా మసైనా, పూసినచోట అసలు వేడి బయటపడుతుంది."

"ఇయ్యాల తెలిసిందేటి?"

"తొడుగులు వేసేటప్పుడే తెలుసు."

ఆయన గీకుతూనే లైనులో నిలబడే ఓడలన్నీ ఇలాగే చేస్తున్నాయని చెప్పాడు. మనమొక్కళ్ళం ఎరుపు చూపిస్తే దాహంతో చివర నిలబడాలన్నాడు. యంత్రాలు నిజంగా బాగానే ఉంటాయనుకున్నాడట, పటం అందంగా ఉంటే చాలనుకున్నాడట. మీటింగులో నోరు తెరిస్తే తొడుగుల సంగతి బయటికొస్తుందని తెరవలేదట.

తిట్లలో నాకు ఈ ఓడలో సాటి లేడు. ఆ క్షణాన ఉన్న తిట్లన్నీ చిన్నవైపోయాయి. లేచి, ఆయన పక్కనున్న మెరిసే రేకుని కాలితో తన్నాను. ఆ చప్పుడికి ఆయన ఉలిక్కిపడ్డాడు. నా కాలు వాచింది. వాచనీ.

7. శుక్రవారం

రేవులో మా వంతు దాటిపోయింది. నీళ్ళు సగానికి కోశారు. ఓడ అలల మీద చెక్కముక్కలాగ ఊగుతోంది. తెర మీద అందరూ కళ్ళారా చూసినదంతా ఈ ఐదు రోజుల్లో దాహంలో కొట్టుకుపోయింది. ఆ పిల్ల పిడి లాగకపోయుంటే ఈపాటికి కడుపునిండా నీళ్ళు తాగేవాళ్ళమని కుళాయి దగ్గర వినిపించేటట్టే అంటున్నారు. అలా అన్నవాళ్ళలో ఊయల డెక్కు తల్లి కూడా ఉంది. బిడ్డని చంకన వేసుకుని మరీ అంది. ఆ బిడ్డకైనా బుద్ధి రావాలని గంగమ్మకి మొక్కాను.

వరహాలు కొత్త మాట ఎత్తాడు. సంతకం సంగతి వదిలేశామన్నాడు. మాట లేకుండా ఇంజిను ఆపడం అంతకన్నా పెద్ద తప్పన్నాడు. శిక్ష మాత్రం అదే, బార్జి.

మధ్యాహ్నం ఓడ పక్కన తాడు నిచ్చెన వేశారు. కింద బార్జి పడవ. జనం చూడ్డానికి వచ్చారు. రత్నం బట్టలు చిన్న మూటలో కట్టుకుంది. నేను కూడా దిగుతానని కూర్చుంటే, ఉప్పు గీకడానికి ముసలాళ్ళు పనికిరారని పక్కకి లాగారు. పనికిరానని నా మొహం మీద చెప్పిన మొదటి మనిషిని కొరికాను. నాకున్నవి నాలుగు పళ్ళే, నాలుగూ దిగాయి.

బేరింగుకి కొత్త లోహం పోసి బిగించడం అప్పటికే అయిపోయింది. ఇంజిను తిప్పమని వరహాలు కబురు పెడితే చీఫు పైకొచ్చాడు. నిచ్చెన పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"రత్నం కెమెరాతో చూసి బాగుందని చెప్పేదాకా తిప్పను" అన్నాడు.

కెమెరా పట్టేవాళ్ళు ఇంకా ఉన్నారని వరహాలు అన్నాడు.

"వాళ్ళు మీరు చెప్పింది చూస్తారు. నేనూ అదే చేశాను. తొడుగులు వేసింది నేను. వేడి కనపడకూడదనే వేశాను. ఎవర్నైనా దింపాలంటే ముందు నన్ను దింపండి, తర్వాత ఇంజిను మీరే తిప్పుకోండి."

జనం ఆయన వైపు తిరిగారు. చాలా మందికి తొడుగుల సంగతి అప్పుడే తెలిసింది. కొర్లమ్మ వచ్చి చీఫు పక్క మెట్టు మీద కూలబడింది, మోకాళ్ళు పట్టుకుని. ఆవిడ కూర్చుంటే మిగతా ఆడవాళ్ళు కూర్చోకుండా ఎలా ఉంటారు. వరహాలు అందర్నీ చూశాడు, సముద్రాన్ని చూశాడు, ఎటు చూసినా గాలి తనకి ఎదురుగానే ఉంది. సరే, కమిటీ క్షమించిందని చెప్పాడు.

రత్నం ఒక కాలు నిచ్చెన మీద ఉంది. వెనక్కి తియ్యలేదు.

"నాకు మాపీ వొద్దు. బేరింగు కాలిపోనాదని, నాను సెప్పింది నిజవని మైకులో సెప్పు. సెప్తే ఎక్కుతాను, నేకపోతే దిగుతాను."

వరహాలు మైకు దగ్గరకి వెళ్ళి ఏదో గొణిగాడు. రత్నం కదల్లేదు.

"ఊయల డెక్కు దాకా ఇనపడాల" అంది.

ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి గొంతు సవరించుకోకుండానే చెప్పాడు. బేరింగు కాలింది, నూకరత్నం చెప్పింది నిజం. ఓడంతా విన్నది. రత్నం కాలు వెనక్కి తీసి, మూట నా ఒళ్ళో పడేసి, కెమెరా తీసుకుని సొరంగంలోకి పోయింది.

నేను సంబరపడాలి. సాయంత్రం కుళాయి లైనులో ఇద్దరు మనుషులు రత్నం బిందెని కాలితో వెనక్కి నెట్టారు. నా కోపం ఎక్కడిదక్కడే ఉంది.

8. మళ్ళీ బుధవారం

రేవు చేరాం. తొడుగులన్నీ ఊడదీసి, రత్నం ఉన్నది ఉన్నట్టు పటాలిచ్చింది. రెండు పంపుల మీద ఎరుపు ఉంది. ఇన్‌స్పెక్టరు మా ఓడకి ఎర్రజెండా కట్టించి లైను చివరికి పంపాడు. నిజం చెప్పినందుకు నాలుక పిడచకట్టుకుని నిలబడ్డాం. ఇక్కడ లంగరు వేస్తే అందనంత లోతు, ప్రతి ఓడా ఇంజిను తిప్పుకుంటూ ఏటి వాలుకి ఎదురు నిలబడాలి.

పై డెక్కు మీద నుంచి చూశాను. మా ముందు ఓడ మీద నీలం జెండా. దాని ముందు దాని మీదా నీలం. కొండ దాకా వరసగా అన్నీ నీలం జెండాలే, పెళ్ళి పందిరిలాగ రెపరెపలాడుతున్నాయి. ఇన్ని ఓడలు, ఇన్ని బేరింగులు, ఒక్కదానికీ జ్వరం రాలేదట. ప్రతి ఓడలోనూ ఒక వరహాలు ఉంటాడు, ఒక అద్దం ఉంటాడు. ఊయలలు కూడా ఉంటాయి.

రత్నం చిన్న పడవ దించి తెడ్డు నా చేతికిచ్చింది. బొబ్బ ఇంకా మానలేదన్నాను. మరయితే ఎడమ చేత్తో తొయ్యమంది.

ముందున్న ఓడ పేరు సీతాలక్ష్మి. దాని కింద నిలబడి రత్నం కేకేసింది, మీ తొడుగుల కింద చూసుకున్నారా అని. కాపలావాడు అంచు మీద వాలి మా ఎర్రజెండా వైపు వేలు చూపించాడు.

"తమ కొంప మండతంటే మాకు సెప్పొచ్చీసినారు. మా పటాలన్నీ నీలం. బేగి పోండి."

నీ పటాలు నీలమే నాయనా, రేపు నీ మొహం నల్లబడుతుందన్నాను. వాడు మా మీద బకెట్టు కుడితి నీళ్ళు కుమ్మరించాడు. తాగే నీళ్ళు లేని ఓడ, కుడితికి మాత్రం లోటు లేదు. తడిసి ముద్దై నిలబడి, వాడికీ వాడి ఓడ కమిటీ అంతటికీ కలిపి నా నోటికొచ్చినవన్నీ ఇచ్చుకున్నాను. రత్నం ఆపలేదు.

వాడి పక్కకి ఒక అమ్మాయి వచ్చింది. రత్నం ఈడే ఉంటుంది, మెడలో కెమెరా. కాపలావాడు నవ్వుతున్నాడు గానీ ఆమె నవ్వడం లేదు. రత్నం గొంతు తగ్గించి ఆ అమ్మాయితోనే మాట్లాడింది.

"ఇరుసు బేరింగు తొడుగు మీద ఏదైనా పూసి సూడమ్మా. పసుపు నేకపోతే పొయ్యి మసయినా సరే. పూసి, కెమెరా ఎట్టి సూడు."

ఆ అమ్మాయి మెడలో కెమెరా చేతిలోకి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మేం అక్కడే పడవలో కూర్చున్నాం. ఎండ నెత్తి మాడుస్తోంది, ఒంటి మీద కుడితి ఎండి వాసన కొడుతోంది. మావాళ్ళు మా ఓడ మీద నుంచి వచ్చేయమని చేతులు ఊపుతున్నారు. పోదామా అన్నాను. ఇంకాసేపు అంది. నేను మళ్ళీ తిట్లు వెతుక్కుంటున్నాను, సగం వాడేశాను, మిగిలినవి కొండ దాకా సరిపోవాలి.

సీతాలక్ష్మి ఇంజిను చప్పుడు ఆగిపోయింది.

లోపల ఎవరో మగవాడు పెద్దగా అరుస్తున్నాడు. ఇంకెవరో ఆడపిల్ల అంతకన్నా పెద్దగా అరుస్తోంది. రత్నం ఒక్క క్షణం విని, దాని ముందున్న ఓడ వైపు చెయ్యి చూపించింది. నేను తెడ్డు వేశాను.